ఒక్కరు విన్నా చాలు

ఎన్నికల్లో నిలబడ్డ ముగ్గురు అభ్యర్థులు ఒక విషయం మీద ఏకాభిప్రాయానికి వచ్చారంటే ఎవరూ నమ్మరు. కానీ ఆ ఊళ్ళో అది జరిగింది. ముగ్గురూ ఒకే వేదిక ఎక్కి, ఒకే మైకు ముందు నిలబడి, ఇళ్ళలో దెబ్బలు తినే ఆడవాళ్ళ కోసం చట్టాన్ని సవరిస్తామని ప్రమాణం చేశారు. ప్రజాస్వామ్యం ఎంత పండిందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఆ ఘనతలో ఎవరి వాటా ఎంతో తేల్చుకోలేక మూడు పార్టీలవాళ్ళూ ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. మైకు మాత్రం మైకక్కది.

మైకక్కకు అసలు పేరు ఉంది. అది ఓటరు కార్డు మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. ఊళ్ళో పెళ్ళికైనా, సంతాపసభకైనా, సన్మానానికైనా ఆవిడ మైకుసెట్టే వెళుతుంది. భర్త నోట్లో నాలుక లేని మనిషి, వైర్లు చుట్టడంలో మాత్రం ఆయన్ని మించినవాడు లేడు కాబట్టి ఆయన అందరికీ వైర్ల బావ. ఎన్నికలొస్తే మూడు పార్టీలూ వీళ్ళ దగ్గరికే రావాలి. పొద్దున ఒకాయన్ని దొంగ అన్న మైకే సాయంత్రం ఆ ఒకాయన చేతిలోకి వెళ్ళి అవతలివాణ్ణి గజదొంగ అంటుంది. మైకుకు పక్షపాతం లేదు, మధ్యలో ఎవరో ఒకరు తుంపర్లు తుడవాలి, అంతే. ఆ తుడిచే పని మైకక్కది.

ఇక చట్టం సంగతి. సవరణకు ముందున్న చట్టం చాలా దయగలది. ఇంట్లో దెబ్బలు తిన్నామని ఎవరైనా ఫిర్యాదు చేస్తే పోలీసులు ఆలస్యం చేయకుండా వచ్చి, దెబ్బలు తిన్న మనిషిని ఆ ఇంట్లోంచి తీసుకుపోయి, భద్రంగా ఉండే మరో చోట దింపేవారు. కొట్టిన మనిషి ఇంట్లోనే ఉండేవాడు. ఇద్దరూ వెళ్ళిపోతే ఇల్లు ఎవరు చూస్తారు? నీళ్ళు వచ్చే వేళకు కొళాయి ఎవరు తిప్పుతారు? పైగా అప్పటికే అతను బాగా అలిసిపోయి ఉంటాడు. ఇన్ని ఆలోచించి రాసిన చట్టం అది.

ఆ చట్టం పుణ్యమా అని మైకక్క చెల్లెలు మైకక్క ఇంట్లో ఉంటోంది. రెండు గదుల ఇల్లు. ఒక గది నిండా స్పీకర్లు, ఇంకో గది నిండా స్పీకర్లు పట్టగా మిగిలిన సంసారం. చెల్లెలు రెండు పెద్ద పెట్టెల మధ్య చాప వేసుకుని పడుకునేది. ఆమె పిల్లలకు లెక్కలు చెప్పే టీచరు. అంతస్తుల భవనంలో ఉన్న తన ఇంటి ముందుగదిలో ఒక గోడ మొత్తానికి నల్లరంగు వేయించి బోర్డు చేసుకుంది. ఆ భవనంలో పిల్లలందరూ ఆ గోడ ముందే భాగహారాలు నేర్చుకున్నారు. బట్టలు సంచిలో సర్దుకుని రావచ్చు, పుస్తకాలు భుజాన వేసుకుని రావచ్చు, గోడను తీసుకురావడం మాత్రం చట్టంలో కూడా ఎక్కడా లేదు. అందుకని బోర్డు అక్కడే ఉండిపోయింది, బోర్డుతో పాటు బతుకుతెరువూ ఉండిపోయింది. ఆ రెండింటికీ కాపలాగా భర్త ఉన్నాడు.

అతన్ని భవనంలో అందరూ మర్యాదస్తుడు అంటారు. బీమా ఏజెంటు. మెట్ల మీద ఎవరు ఎదురైనా గోడకు అతుక్కుపోయి దారి ఇస్తాడు. పెద్దవాళ్ళ చేతుల్లోని సంచులు అందుకుని పై అంతస్తు దాకా మోస్తాడు. గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. ఆ మర్యాద అంతా గడప బయటే ఖర్చయిపోయి, ఇంట్లోకి వచ్చేసరికి అతని దగ్గర ఏమీ మిగిలేది కాదు.

"నాకు నా గోడ కావాలక్కా," అంది చెల్లెలు ఒకరోజు, స్పీకరు పెట్టె మీద చెయ్యి ఆనించి. "అతను మారాలని కూడా నేను అడగట్లేదు. అతను బయటికి పోతే చాలు. కొట్టింది అతనైతే సంచి సర్దుకోవాల్సింది నేనేమిటి?"

 మైకక్కకు తెలిసినవాళ్ళలో చట్టాలు చేసేవాళ్ళు ముగ్గురున్నారు, లేదా చేయబోయేవాళ్ళు. ముగ్గురి గొంతులూ ఏ స్థాయిలో పెడితే కీచుమనవో కూడా ఆవిడకు తెలుసు. వెళ్ళి అడిగితే పోలా అనుకుంది.

మొదట పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. పెద్దాయన చాలా ఏళ్ళుగా ఆ పదవిలోనే ఉన్నారు, కుర్చీకి ఆయన ఆకారం వచ్చేసింది. కాలరుకు చిన్న మైకు తగిలిస్తూ మైకక్క విషయం చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని అంతా విన్నారు.

"తల్లీ, ఆడది కన్నీరు పెడితే నేను తట్టుకోలేను," అన్నారు. "అందుకే అలాంటిచోటికి నేనసలు వెళ్ళను."

రెండో అభ్యర్థి ఎముకల డాక్టరు. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళ చేతులు ఆయన అతికించినవే. ఆయన చాలా ఆసక్తిగా విన్నారు.

"మన ఊళ్ళో ఆడవాళ్ళు బాత్‌రూముల్లో విపరీతంగా జారిపడుతున్నారమ్మా," అన్నారు. "నేనెప్పటినుంచో గమనిస్తున్నాను. శనివారాలు మరీ ఎక్కువ. నేను గెలిస్తే ఇంటింటికీ గరుకు టైల్స్ ఉచితం."

"వాళ్ళు జారిపడట్లేదు డాక్టరుగారూ."

"అందరూ జారిపడ్డామనే చెప్తారమ్మా. పేషెంటు మాట నమ్మకపోతే వైద్యం ఎలా చేస్తాను?"

మూడో అభ్యర్థి మేడమ్. మహిళల సమస్యలు మహిళలకే తెలుస్తాయన్నది ఆవిడ నినాదం. మైకక్క ఆశ పెట్టుకుని వెళ్ళింది. మేడమ్ వింటూ రెండుసార్లు నోరు తెరిచారు. రెండుసార్లూ పక్కనున్న ఆవిడ భర్త సమాధానం చెప్పారు. మేడమ్‌కు ఈ సమస్య మీద ఎంతో పట్టు ఉందని, ఎన్నికలయ్యాక లోతుగా చర్చిస్తారని, ప్రస్తుతానికి మైకు ఎత్తు కాస్త తగ్గించమని ఆయన సెలవిచ్చారు.

మైకక్కకు ఒళ్ళు మండింది. ఆ సాయంత్రం పెద్దాయన సభకు మైకు బిగిస్తూ వైర్ల బావతో చెప్పుకుంది. ఆవిడ గొంతు సహజంగా పెద్దది. వేళ్ళు అలవాటు కొద్దీ స్విచ్చు నొక్కిన సంగతి ఆవిడ గమనించలేదు.

"ఎవడికీ పట్టదు కదా. కొట్టినవాడే ఇల్లు వదలాలి. ఇంత చిన్న మాట ఒక్కడికీ వినిపించట్లేదా?"

స్తంభాలకు కట్టిన నాలుగు హారన్లూ ఆ మాటను నాలుగు వీధుల్లోకి పంపాయి. మైదానంలో అప్పటికే చేరిన జనం మైకు పరీక్ష జరుగుతోందనుకున్నారు. మైకు పరీక్షలో అడిగే ప్రశ్నకు ఏం చెప్పాలో ఊరందరికీ అలవాటే.

"వినిపిస్తోంది" అని మైదానమంతా ఒక్క గొంతుతో జవాబిచ్చింది.

మైకక్క ఒక్క క్షణం మైకు వంక చూసింది. ఆ రోజు నుంచి ఆవిడ మైకు పరీక్షకు ఒకటీ రెండూ లెక్కపెట్టడం మానేసింది. ఏ పార్టీ సభ అయినా సరే, ముందుగా వేదిక ఎక్కి, "హలో, హలో, కొట్టినవాడే ఇల్లు వదలాలి, వినిపిస్తోందా?" అని అడిగేది. వినిపిస్తోంది అని జనం అరిచేవాళ్ళు. చివరి వరుసకు? వినిపిస్తోంది. మేడల మీదున్నవాళ్ళకు? వినిపిస్తోంది. మైకు పరీక్షను తప్పుపట్టే చట్టం ఏ దేశంలోనూ లేదు.

ఆ తర్వాత జరిగిన పొరపాటు రాజకీయాల్లో ఉన్నవాళ్ళకే సాధ్యం. డాక్టరుగారి మనుషులు రెండు వీధుల అవతల నుంచి పెద్దాయన సభ విన్నారు. వాళ్ళకు వినిపించింది ఒక నినాదం, దానికి వేలమంది బదులు. పెద్దాయన కొత్త నినాదం పట్టుకున్నారని, జనం ఊగిపోతున్నారని పరుగున వెళ్ళి చెప్పారు. మర్నాడు డాక్టరుగారి సభ దగ్గర పెద్దాయన మనుషులు అదే విన్నారు. మేడమ్ భర్త రెండూ విని, ఆడవాళ్ళ నినాదాన్ని మగవాళ్ళు కొట్టేశారని పత్రికలవాళ్ళ ముందు బాధపడ్డారు. వారం తిరక్కుండా ఆ మాట మూడు పార్టీల గోడల మీదా ఎక్కింది. ఇది మా తాతగారి కల అని పెద్దాయన అన్నారు. వైద్యశాస్త్రం కూడా ఇదే చెబుతోందని డాక్టరుగారు అన్నారు. గరుకు టైల్స్ పథకం కూడా కొనసాగుతుందని, ఇల్లు వదిలినవాడు తిరిగి వచ్చాక అవి ఉపయోగపడతాయని వివరించారు.

చెల్లెలు గోడల మీద రాతలు చూసి ఇంటికి వచ్చి, చాలా రోజుల తర్వాత అన్నం రెండోసారి పెట్టించుకుంది. మైకక్క అది చూసి పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

చివరికి ఊరి పెద్దలు ముగ్గురినీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టారు. సవరణ ఎలా ఉండాలో అక్కడే తేల్చాలని పట్టుబట్టారు. మైకక్క ఆ సభకు మైకు ఊరికే ఇచ్చి, యాంప్లిఫయరు పక్కన కూర్చుంది.

పెద్దాయన లేచారు. "సోదర సోదరీమణులారా, కొట్టినవాడు ఇల్లు వదలాల్సిందే. ఇందులో రెండో మాట లేదు. ఒక్క చిన్న సందేహం మాత్రం ఉంది. కొట్టాడని ఎలా తెలుస్తుంది? ఆమె చెబుతుంది. ఆమె చెబితే చాలునా? ఒక్క మనిషి మాట మీద ఒక సంసారిని రోడ్డున పడేస్తే, రేపు ఇక్కడ కూర్చున్న మనలో ఎవరు ఇంట్లో పడుకుంటారు?"

మగవాళ్ళ వైపు నుంచి హోరున చప్పట్లు వచ్చాయి. కొందరు లేచి నిలబడి కొట్టారు. ఆ చప్పట్లు దేన్ని ఒప్పుకుంటున్నాయో ఆలోచించే తీరిక ఎవరికీ లేదు.

డాక్టరుగారు అందుకున్నారు. "గాయం చాలదా అంటారు. నా సర్వీసులో ఎన్నో ఎముకలు చూశాను. ఏ ఎముకా ఇంతవరకు నాకు ఒక్క పేరు చెప్పలేదు. సైన్సు ఊహల మీద నడవదు."

అప్పుడు మేడమ్ లేచారు. ఆవిడ భర్తకు ఆ సమయంలో దగ్గు తెర పట్టుకుంది. దొరికిన సందులో మేడమ్ గబగబా చెప్పేశారు. "మన ఇళ్ళ గోడలు పలచన. మన చుట్టూ మనుషులున్నారు. ఇరుగుపొరుగులో ఎవరైనా సరే, మేం విన్నాం అని పోలీసులకు చెబితే, కొట్టినవాడు ఇల్లు వదలాలి. పదిమంది అక్కర్లేదు. ఒక్కరు విన్నా చాలు."

సభ లేచి నిలబడింది. ఇంత సులువైన ఉపాయం ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు తట్టలేదో అని పెద్దలు ఆశ్చర్యపోయారు. అందరికంటే ఎక్కువ సంతోషించింది మైకక్క. చెల్లెలి భవనం గోడలు ఆవిడకు బాగా తెలుసు. పక్కింట్లో తుమ్మితే ఈ ఇంట్లో చల్లగా ఉండమని దీవించే గోడలవి. ఒక్కరంటే ఒక్కరు చాలన్నారు, అక్కడ భవనం నిండా చెవులే కదా అనుకుని వైర్ల బావ చెయ్యి పట్టుకుని నొక్కింది.

పెద్దాయన గెలిచారు. గెలిచి మంత్రి అయ్యారు. ఇచ్చిన మాట ప్రకారం సవరణ తెచ్చారు. గెలిచాక మాట నిలబెట్టుకున్న మొదటి సందర్భం కావడంతో పార్టీలో చిన్న కలకలం రేగింది కానీ, సవరణ పాఠం చదివాక అందరూ స్థిమితపడ్డారు.

కొత్త చట్టం ఇచ్చిన ధైర్యంతో చెల్లెలు సంచి సర్దుకుని తన ఇంటికి వెళ్ళింది. మెట్ల మీద ఇరుగుపొరుగంతా ఎదురొచ్చారు. పరీక్షలు దగ్గర పడుతున్నాయని, పిల్లలు మార్కుల్లో బాగా వెనకబడ్డారని, టీచరమ్మ లేక భవనం బోసిపోయిందని తలా ఒక మాట అన్నారు. మర్యాదస్తుడు ఆమె చేతిలోని సంచి అందుకుని పై అంతస్తు దాకా మోశాడు. చూసినవాళ్ళ కడుపు నిండిపోయింది.

ఆ నెలలోనే, ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, తలుపు లోపలి గడియ పడింది. ఆ తర్వాత ఏం జరిగిందో ఇక్కడ వర్ణించడం లేదు. అది సవరణ పరిధిలోకి రాదు. ఎవరైనా విన్నారా లేదా అన్నదే ఇప్పుడు చట్టానికి కావలసిన విషయం.

ఇన్‌స్పెక్టరు చాలా నెమ్మదస్తుడు. వచ్చీ రాగానే విచారణ మొదలుపెట్టాడు. మైకక్క అప్పటికే చేరుకుని, పెదవి చిట్లిన చెల్లెల్ని పట్టుకుని నిలబడింది. మొదట పక్కింటి సంగీతం మాస్టారు. ఎదురు వీధిలో పిల్లవాడు ఈల తప్పుగా వేస్తే కిటికీ తెరిచి సరిదిద్దే చెవి ఆయనది. ఆ సాయంత్రం హార్మోనియం ముందు కూర్చుంటే ఈ లోకం తెలియలేదని చెప్పారు. ఎదురింటి ఆవిడ ఏ ఇంట్లో కుక్కరు ఎన్ని కూతలు కూసిందో లెక్క చెప్పగల మనిషి. ఆవిడ టీవీ పెద్దగా పెట్టుకున్నానంది. కింది ఇంటి రిటైర్డ్ ఆఫీసరు, పైన పిల్లల చేతిలో పెన్సిలు జారిపడినా చీపురు కర్రతో తన ఇంటి కప్పు మీద పొడిచే మనిషి. ఆయన ఈ మధ్య తన వినికిడి తగ్గిందని, డాక్టరుకు చూపించుకోవాలనుకుంటున్నానని అన్నాడు. ఇన్‌స్పెక్టరు అందరికీ కృతజ్ఞతలు చెప్పాడు.

"ఎవరూ వినలేదమ్మా," అన్నాడు చెల్లెలితో, నిజమైన విచారంతో. "ఒక్కరు విన్నా చాలు. చట్టం నీ పక్షానే ఉంది."

మర్యాదస్తుడు ఇన్‌స్పెక్టరుకు మెట్ల మీద దారి ఇచ్చాడు. చెల్లెల్ని పాత పద్ధతి ప్రకారం భద్రమైన చోటికి, అంటే రెండు స్పీకర్ల మధ్యకు, తరలించారు.

మర్నాడు బట్టలు తీసుకురావడానికి మైకక్క మళ్ళీ అక్కడికి వెళ్ళింది. ఎదురింటి ఆవిడ తలుపు సందులోంచి పిలిచి, లోపలికి రమ్మని కుర్చీ వేసింది.

"ఎలా ఉందమ్మా టీచరమ్మ? పాపం, ఎంతసేపు ఏడ్చిందో. తలుపు తియ్యండి, తలుపు తియ్యండి అంటుంటే నాకు ముద్ద దిగలేదనుకో."

మైకక్క కుర్చీలో కూర్చోలేదు. "విన్నావన్నమాట."

"వినకేం? పక్క మాస్టారు పాఠం ఆపేశారు కూడా."

"మరి నిన్న వినలేదన్నావేం పిన్నీ?"

ఆవిడ నిజంగానే నొచ్చుకుంది. "నువ్వే చెప్పమ్మా. నేను విన్నానంటే అతను ఇల్లు వదిలి పోవాలట. రేపు మెట్ల మీద ఎదురైతే ఆ ముఖం ఎలా చూడను? నా నీళ్ళ బిందె ఎన్నిసార్లు మోసిపెట్టాడో. అయినా ఇంతమంది ఉన్నారు కదా, ఎవరో ఒకరు చెప్తారనుకున్నాను."

ఎవరో ఒకరు చెప్తారని ఆ భవనంలో ప్రతి ఒక్కరూ నమ్మారు. ఒకరి మీద ఒకరికి అంత నమ్మకం ఉన్న ఇరుగుపొరుగు ఈ రోజుల్లో దొరకడం కష్టం. మైకక్క మెట్లు దిగింది. కోపం కంటే సిగ్గు ఎక్కువ వేసింది ఆవిడకు. ఆ షరతు విని అందరికంటే ఎక్కువ సంతోషించింది తనే కదా.

ఏడాది తిరిగింది. సవరణ ఫలితాలను ప్రభుత్వం సమీక్షించింది. అంతకు ముందు ఆడవాళ్ళ ఫిర్యాదులు కుప్పలుగా ఉండేవి. ఇప్పుడు ఎవరైనా విన్నట్టు నమోదైన ఘటన ఒక్కటి కూడా లేదు. గృహహింస వినిపించడం పూర్తిగా ఆగిపోయిందని మంత్రిగారు ప్రకటించారు. పక్క ప్రాంతాలవాళ్ళు అధ్యయనానికి వచ్చి వెళ్ళారు. ఒక్క ఘటనా వినిపించని భవనాలకు 'ప్రశాంత నిలయం' అనే షీల్డు ఇవ్వాలని నిర్ణయించి, ఒక భవనంలో విచారణ జరిపి మరీ ఎవరూ ఏమీ వినలేదని నిర్ధారించారు కాబట్టి, మొదటి షీల్డు ఆ భవనానికే ప్రకటించారు.

నివాసుల సంఘం కార్యదర్శి మర్యాదస్తుడే. షీల్డు అందుకునేది కూడా అతనే అని ఏకగ్రీవంగా తీర్మానించారు. భవనం ముందు ఖాళీ జాగాలో సభ. మైకు కోసం సంగీతం మాస్టారు స్వయంగా మైకక్క ఇంటికి వచ్చారు.

"చివరి వరుసలో ఉన్నవాళ్ళకు కూడా స్పష్టంగా వినిపించాలమ్మా," అన్నారు. "ఆ విషయంలో నేను రాజీపడను."

ఆయన వెళ్ళాక మైకక్క పెట్టె మూత ధడాలున వేసింది. "నేను పోను. నా మైకులో ఆ మాటలు పోనివ్వను."

వైర్ల బావ చుట్టిన వైరునే మళ్ళీ చుట్టాడు. చెల్లెలు స్పీకర్ల మధ్యనుంచి లేచి వచ్చింది.

"పోదామక్కా. నేనూ వస్తాను. నా గోడ అలాగే ఉందో, దానికి తెల్లసున్నం కొట్టించాడో చూడాలి."

సభ రోజు వేదిక కట్టారు, కుర్చీలు వేశారు. మంత్రిగారు, ఇన్‌స్పెక్టరు, మేడమ్, ఆవిడ భర్త పై వరుసలో కూర్చున్నారు. డాక్టరుగారు కూడా వచ్చారు, ఓడినా ఆయనలో సేవాభావం తగ్గలేదు. మర్యాదస్తుడు అందరికీ నీళ్ళ సీసాలు అందిస్తున్నాడు. కింద భవనం మొత్తం పిల్లాపాపలతో కూర్చుంది. చెల్లెలు తల ఎత్తి తన ఇంటి కిటికీలోకి చూసింది. లోపలి గోడ తెల్లగా మెరుస్తోంది.

మైకక్క మైకు తీసి, అలవాటుగా నోటి దగ్గర పెట్టుకుంది. చెల్లెలు చెయ్యి చాపింది. మైకక్క ఒక్క క్షణం తటపటాయించి ఇచ్చేసింది.

"హలో," అంది చెల్లెలు. "వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది" అంది సభ. టీచరమ్మ గొంతు గుర్తుపట్టి పిల్లలు ఇంకా గట్టిగా అన్నారు. టీచరమ్మ మైకు పనిలో అక్కకు సాయం వచ్చిందని అందరికీ ముచ్చటేసింది. కింది ఇంటి రిటైర్డ్ ఆఫీసరు, గాలిలో ఆకు కదిలినా తెలిసేంత స్పష్టంగా ఉందని మెచ్చుకున్నాడు. కీచుదనం ఒక్క పిసరు తగ్గించమని సంగీతం మాస్టారు సైగ చేశారు. మైకక్క తగ్గించింది.

"అందరికీ వినిపిస్తున్నట్టేనా? వినిపించినవాళ్ళు చెయ్యి ఎత్తండి."

తరగతిలో అడిగినట్టే అడిగింది. తరగతిలో లాగే అన్ని చేతులూ లేచాయి. మంత్రిగారు కూడా సరదాగా ఎత్తారు. ఇన్‌స్పెక్టరు ఎత్తాడు. మేడమ్ భర్త వంక చూసి, ఆయన ఎత్తాక ఎత్తారు. మర్యాదస్తుడు సీసాలు కింద పెట్టి మరీ ఎత్తాడు.

"దించకండి. ఇంకో ప్రశ్న." చెల్లెలు లేచిన చేతుల్ని ఒక్కో వరుసా చూసింది.  "పోయిన ఏడాది ఒక సాయంత్రం, తలుపు తియ్యండి అని నేను అరిచాను. మైకు లేకుండానే అరిచాను. అది విన్నవాళ్ళు మాత్రం చెయ్యి అలాగే ఉంచండి. ఒక్కరు విన్నా చాలు."

చేతులు వెంటనే దిగలేదు. మొదట ముందు వరుసలో ఎవరికో చీర కొంగు సర్దుకోవాల్సి వచ్చింది. ఒకాయనకు వాచీ చూసుకోవాల్సి వచ్చింది. సంగీతం మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఎదురింటి ఆవిడ పక్కనున్న పిల్లవాడి చెయ్యి పట్టుకుని కిందికి లాగింది, లాగడానికి తన చెయ్యి కూడా దించక తప్పలేదు. చివరికి ఒక్క చెయ్యి మిగిలింది. అది మర్యాదస్తుడిది. నీళ్ళవాణ్ణి పిలుస్తూ అతను ప్రశ్న సగమే విన్నాడు. నిజానికి ఆ సాయంత్రం అందరికంటే దగ్గర నుంచి విన్నది అతనే.

మంత్రిగారు ఇన్‌స్పెక్టరు వంక చూశారు.

"చట్టంలో ఇరుగుపొరుగు అని ఉంది సార్," అన్నాడు ఇన్‌స్పెక్టరు మెల్లగా. "భర్త ఇరుగుపొరుగు కిందికి రాడు."

మంత్రిగారు ఊపిరి పీల్చుకున్నారు. చివరి వరుసలో ఒకరు చెవి దగ్గర చెయ్యి పెట్టి, "సరిగా వినిపించట్లేదమ్మా, మైకు పోయినట్టుంది," అన్నారు. అవునవును, మాకూ వినిపించట్లేదు అని ఆ పక్కవాళ్ళు అన్నారు. ఆ మాట ఒక్కో వరుసా దాటుకుంటూ వేదిక దాకా వచ్చింది. సంగీతం మాస్టారు లేచి, ఇంత ముఖ్యమైన సభకు ఇలాంటి సెట్టు తెచ్చినందుకు విచారం వెలిబుచ్చారు.

మైకక్క వంగి యాంప్లిఫయరు చూసింది. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. తీగలన్నీ గట్టిగా ఉన్నాయి. చెల్లెలు మైకు దించలేదు. ఆమె ఊపిరి నాలుగు హారన్లలోంచీ వస్తోంది, ఎదురు వీధిలో వెళుతున్న మనిషి ఆగి తల ఎత్తి చూశాడు. "సెట్టు బాగానే ఉంది," అంది మైకక్క, ఎవరితోనో తెలియకుండా. ఆ మాటా ఎవరికీ వినిపించలేదు. మైకు లేకుండానే షీల్డు ప్రదానం జరిగింది, చప్పట్లు చివరి వరుస దాకా బ్రహ్మాండంగా వినిపించాయి.

సెట్టులో ఆ రోజూ లోపం లేదు, ఈ రోజూ లేదు. ఇంత దూరం చదివిన మీకు మీ పక్కింటి గోడ గుర్తుకు వచ్చి ఉంటే, చెయ్యి ఎత్తనక్కర్లేదు. ఎవరో ఒకరు చెప్తారు.